పంతొమ్మిదో చిలక్కొయ్య

రాగ్నాకి సముద్రం అంటే భయం. ముప్పై నాలుగేళ్ళుగా దీవిలో కాపురం ఉంటున్న మనిషి గురించి ఇలా చెబితే ఎవరూ నమ్మరు గాని, నిజం. ఆవిడ పుట్టింది ఎక్కడో లోపల, కొండల మధ్య లోయలో. ఇరవై ఏడేళ్ళప్పుడు మా స్కార్వోయ్ దీవి బడికి ఒక్క ఏడాది కోసం టీచరుగా వచ్చింది. వచ్చేటప్పుడు లాంచీలో దారి పొడుగునా వాంతులు. తిరిగి వెళ్ళాలంటే మళ్ళీ ఆ లాంచీయే ఎక్కాలి కదా, అందుకే ఉండిపోయాను అంటుంది. అది వేళాకోళమో, మనసులో మాటో నాకు ఇప్పటికీ తెలియదు.

నా పేరు ఐలిఫ్. ఆ బడిలో తాళాలు, బాయిలరు, మంచు ఎత్తడం అన్నీ నావే. కుళాయి కారినా నన్నే పిలుస్తారు, లాప్‌టాప్ మొరాయించినా నన్నే పిలుస్తారు. రెండోదాని గురించి నాకేమీ తెలియదు మొర్రో అని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినరు. ఇప్పుడు చెప్పబోయేది చదివాక మీరైనా నమ్ముతారు.

రాగ్నా రూలు తప్పని మనిషి. మా దీవికి ఉన్నది ఒకటే రోడ్డు. దాని మీద రోజుకి ఇరవై బండ్లు తిరిగితే గొప్ప. బడికి సరిగ్గా ఎదురుగా కొట్టు. అయినా ఆవిడ అరవై అడుగులు నడిచి, జీబ్రా చారల దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, దాటి, మళ్ళీ అరవై అడుగులు వెనక్కి నడిచి కొట్లోకి వెళ్తుంది.

“ఎదురుగానే ఉంది కదా కొట్టు, ఈ ప్రదక్షిణలు ఎందుకు తల్లీ?” అని ఒకసారి అడిగాను.

“పిల్లలు కిటికీలోంచి చూస్తుంటారు, ఐలిఫ్.”

“చూస్తే?”

“నేను అడ్డంగా దాటితే వాళ్ళూ అడ్డంగా దాటతారు.”

“దాటితే ఏమవుతుంది? మన ఊళ్ళో బండి కింద పడాలంటే రోడ్డు మీద దుప్పటి పరుచుకుని గంటసేపు ఎదురు చూడాలి.”

నవ్వింది. నవ్వి, మళ్ళీ చారల దగ్గరికే వెళ్ళింది.

ఆవిడకి ఒక అలవాటు ఉంది. ఏటా ఆగస్టులో బడి తెరిచిన మొదటి వారం, ఒక్కొక్క పిల్లనీ పిల్లవాణ్ణీ పుస్తకాల గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, ఒక పేజీ చదివిస్తుంది. ఆ చదవడాన్ని రికార్డు చేస్తుంది. ప్రతి ఏడూ అదే పేజీ. ఆవిడే రాసింది: ఉప్పుచేపల పీపాలో కళ్ళజోడు పోగొట్టుకున్న ఒక ముసలమ్మ కథ, పన్నెండు వాక్యాలు. ఒకటో తరగతిలో “ము... స... లమ్మ” అని కూడబలుక్కున్న గొంతు పదో తరగతికి వచ్చేసరికి విసుగ్గా, గబగబా, బొంగురుగా చదివేస్తుంది. పదో తరగతి ఆఖరి రోజున ఆ పది రికార్డింగులూ ఎవరివి వాళ్ళ చేతిలో పెడుతుంది. దీవిలో నలభై దాటిన వాళ్ళ ఇళ్ళల్లో కూడా రాగ్నా క్యాసెట్లు ఉన్నాయి. టేపు రికార్డర్లు పోయినా క్యాసెట్లు పారేయలేదు.

పన్నెండేళ్ళ కిందట వసంతంలో గాలివాన వచ్చి బడి నడవా మీది కప్పు లేచిపోయింది. నడవాలో అలమార, అలమారలో క్యాసెట్లు, సీడీలు. అన్నీ ఉప్పునీళ్ళలో నానాయి. రాగ్నా ఇంటి నుంచి హెయిర్ డ్రయ్యర్ తెచ్చి నాలుగు రోజులు ఆరబెట్టింది. ఒక్కటి కూడా పలకలేదు. ఆ ఏడు బడి వదిలి వెళ్ళిన పిల్లలకి ఇవ్వడానికి ఆవిడ దగ్గర ఏమీ లేకపోయింది. వాళ్ళతో చేతులు కలిపి, క్షమించమని చెప్పి పంపింది. ఆ రోజు ఆవిడ మొహం చూడలేక నేను నిచ్చెన ఎక్కి కప్పు బాగుచేస్తూ కూర్చున్నాను.

కప్పుతోపాటు నడవాలో పిల్లల కోట్లు తగిలించే చిలక్కొయ్యలు కూడా దెబ్బతిన్నాయి. బీమావాళ్ళకి చూపించడానికి ఒక్కొక్కదానికీ ఫోటోలు తీశాను. మా బడిలో చిలక్కొయ్యలకి అంకెలు ఉంటాయి. ఒకటో తరగతిలో ఏ అంకె ఇస్తే పదో తరగతి దాకా అదే. ఏడో నంబరు ఎవరిదంటే దీవిలో ఎవరైనా చెబుతారు. అప్పట్లో అవి పద్దెనిమిది. ఒకటి నుంచి పద్దెనిమిది దాకా అంకెలు వేసి విడివిడి ఫోల్డర్లలో పెట్టి, బడి కంప్యూటర్లో పడేసి మరచిపోయాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నేనే గుర్తుపెట్టుకోలేదు.

ఆ తరువాత రెండేళ్ళకి బళ్ళన్నింటికీ క్లౌడ్ వచ్చింది. మునిసిపాలిటీ నుంచి ఒకాయన వచ్చి, ఇకమీదట పాఠాలూ పిల్లల పనులూ అన్నీ ఇక్కడి పెట్టెల్లో కాకుండా ఎక్కడో దూరాన పెద్ద పెద్ద యంత్రాల్లో దాచుతారనీ, ఎక్కడినుంచైనా తీసుకోవచ్చనీ చెప్పాడు. అందరూ పాస్‌వర్డుల గురించి అడిగారు. రాగ్నా మాత్రం చెయ్యెత్తి, “అక్కడ కప్పు గట్టిదేనా?” అని అడిగింది. ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. గట్టిదేనని చెప్పించుకునేదాకా చెయ్యి దించలేదు.

అదే ఆగస్టులో ఒకటో తరగతిలో చేరిన సివెర్ట్, మార్తినేలతో ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది. మరో రెండేళ్ళకి సిరియా నుంచి ఒక కుటుంబం వచ్చింది. తండ్రికి సాల్మన్ చేపల ఫ్యాక్టరీలో పని దొరికింది. కూతురు జుమానా మూడో తరగతిలో చేరింది. బళ్ళో చిలక్కొయ్యలు పద్దెనిమిది, పిల్లలు పంతొమ్మిది మంది. నేను బర్చ్ కర్రతో ఇంకొకటి చెక్కి, గోడకి కొట్టి, పంతొమ్మిది అని రంగు వేశాను. ఈ ముగ్గురే ఈ సంవత్సరం పదో తరగతి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కటీ తడవకుండా పూర్తయ్యే మొదటి జట్టు ఇదే. రాగ్నా వచ్చే ఏడు పింఛను తీసుకుంటుంది. అంటే ఆవిడ చేతుల మీదుగా ఇదే ఆఖరిది కూడా.

నాలుగేళ్ళ కిందట మునిసిపాలిటీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. క్లౌడ్‌లో పిల్లల పేర్లతో ఫైళ్ళు పెట్టకూడదు, పరాయివాళ్ళ కంట పడితే పిల్లలకి మంచిది కాదు అని. టీచర్లందరూ చదివి, తల ఊపి, మడిచి పక్కన పెట్టారు. రాగ్నా ఒక ఆదివారం పొద్దంతా కూర్చుని ఒక్కొక్క పేరూ చెరిపేసి, ఆ పిల్లల చిలక్కొయ్య అంకె పెట్టింది. సివెర్ట్ నాలుగు. మార్తినే పదకొండు. జుమానా పంతొమ్మిది. ఇది బడంతటిలో చేసింది ఆవిడ ఒక్కతే.

ఇక నా ఘనకార్యం సంగతి. ఈ వసంతంలో మునిసిపాలిటీ మళ్ళీ ఉత్తరం రాసింది. మీ బడికి ఇచ్చిన చోటు నిండిపోయింది, వేసవి సెలవుల్లోపు సగం ఖాళీ చేయకపోతే కొత్తవి ఏవీ పెట్టనివ్వం అని. హెడ్‌మిస్ట్రెస్ బెన్తే ఏం చేస్తుంది? మా దేశంలో ఎవరైనా చేసేదే చేసింది. శ్రమదానం పెట్టింది. మేము కంచెకి రంగు వేయాలన్నా శ్రమదానమే, రేవు బాగుచేయాలన్నా శ్రమదానమే. క్లౌడ్ ఊడ్చడానికి మాత్రం ఇదే మొదటిసారి.

మే పదిహేడున జెండాల పండగ అయిపోయాక వచ్చిన మంగళవారం సాయంత్రం ఐదింటికి అందరం లైబ్రరీలో చేరాం. టీచర్లు, తల్లిదండ్రుల సంఘంవాళ్ళు, నేను. ఊలు మేజోళ్ళతో, ఒళ్ళో లాప్‌టాప్‌లతో. ఒక మూల వాఫుల్స్ పొంగుతున్నాయి. రాగ్నా లేదు. పదో తరగతి ముగ్గురినీ పరీక్షకి, వాంతులు తప్పవని తెలిసీ, లాంచీలో అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళింది. శ్రమదానానికి రానివాళ్ళు కేకు పంపాలి. ఆవిడ పంపింది.

“ఎవరి చెత్త వాళ్ళే తీయండి. పక్కవాళ్ళది ముట్టుకోవద్దు,” అని బెన్తే గట్టిగా చెప్పింది.

నేను ముట్టుకోలేదు. దేవుడి సాక్షిగా పక్కవాళ్ళది ముట్టుకోలేదు. అందరికీ కలిపి ఉన్న చోటులో వెతుకుతుంటే ఒకటి, రెండు, మూడు అని వరసగా అంకెల ఫోల్డర్లు కనబడ్డాయి. ఇవి నా చిలక్కొయ్యల ఫోటోలే కదా అనుకున్నాను. ఇంత చోటు తింటున్నాయా అని సిగ్గు కూడా పడ్డాను. తెరిచి చూడలేదు. నేను తీసినవి పద్దెనిమిది, అక్కడ ఉన్నవి పంతొమ్మిది. ఆ ఎక్కువైనది ఎక్కడినుంచి వచ్చిందని నన్ను నేను అడగలేదు. మొత్తం తీసేశాను. తీసేసినవి ఒక చెత్తబుట్టలో పడతాయి. శ్రమదానం అన్నాక చెత్తని గుమ్మంలో వదిలి ఇంటికి వెళ్ళడం మా వంట్లో లేదు. ఆ బుట్ట కూడా ఖాళీ చేశాను.

ఏడింటికి బెన్తే లెక్క చూసింది. అందరికంటే ఎక్కువ చోటు ఖాళీ చేసింది ఐలిఫ్ అని ప్రకటించింది. చప్పట్లు కొట్టారు. నాకు క్లౌడ్‌బెర్రీ జామ్ రాసిన వాఫుల్ ఇచ్చారు, ఫోటో తీశారు. బడి నోటీసు బోర్డు మీద అది మూడు వారాలు ఉంది: నోటి నిండా వాఫుల్‌తో నేను.

జూన్ పద్నాలుగు, శుక్రవారం. మరో వారంలో బడి ఆఖరి రోజు. మధ్యాహ్నం మూడు కావడానికి పావుగంట ఉందనగా రాగ్నా నా పనిగదికి వచ్చింది. చేతిలో ముగ్గురు పిల్లల కోసం కొన్న మూడు పెన్‌డ్రైవ్‌లు.

“ఐలిఫ్, నా రికార్డింగులు కనబడటం లేదు. అంకెలు వేసి పెట్టాను కదా, ఒకటి నుంచి పంతొమ్మిది దాకా. నువ్వు కంప్యూటర్ తెరిచినప్పుడు ఎక్కడైనా చూశావా?”

పంతొమ్మిది అనగానే నాకు అంతా అర్థమైంది. నేను ఏమన్నానో తెలుసా? “చూడలేదే” అన్నాను. అరవై మూడేళ్ళ మనిషిని, చిన్నపిల్లాడిలా అబద్ధం ఆడాను. ఆవిడ వెళ్ళిపోయింది. నేను వెనక గేటు దగ్గరికి వెళ్ళి, కిర్రుమనని కీలుకి నూనె పోస్తూ నిలబడ్డాను. ఇరవై నిమిషాలు. తరువాత ఇక నిలబడలేక బెన్తే గదికి వెళ్ళాను. రాగ్నా అక్కడే ఉంది. ఎర్ర వానకోటు వేసుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, ఏ స్టేషన్‌లోనో బండి తప్పిపోయినదానిలా కూర్చుంది.

“నేనే తీసేశాను,” అన్నాను. “శ్రమదానం రోజు. నా ఫోటోలు అనుకున్నాను.”

రాగ్నా నన్ను చూసింది.

“ఇందాక అడిగితే చూడలేదన్నావు.”

“భయమేసింది.”

“నాకూ వేస్తోంది, ఐలిఫ్,” అంది. అంతే. తిట్టినా బాగుండును.

బెన్తే అలమార తిరగేసి ఒక కాగితం తీసింది. చెత్తబుట్ట ఖాళీ చేసిన తరువాత కూడా ఇరవై ఐదు రోజుల దాకా వెనక్కి తెప్పించవచ్చు. మన చేతిలో లేదు, మునిసిపాలిటీలో క్లౌడ్ చూసుకునే స్టైనార్ మాత్రమే చేయగలడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మంగళవారం నుంచి ఇరవై ఐదు రోజులు అంటే రేపు సాయంత్రంతో సరి. ఫోన్ చేసింది. వేసవి వేళలు కదా, మూడింటికి మూసేశారు, సోమవారం తొమ్మిదికి రమ్మని యంత్రం చెప్పింది. గడియారం మూడూ పదకొండు చూపిస్తోంది. నేను కీలుకి నూనె పోసిన ఇరవై నిమిషాలు లేకపోతే స్టైనార్ దొరికేవాడు. ఆ మాట ఎవరూ అనలేదు. అనక్కర్లేదు, నాకు తెలుసు.

“ఇంటికి చేద్దాం,” అంది బెన్తే.

“శుక్రవారం మూడు దాటాక స్టైనార్ ఇంట్లో ఉంటాడా? సెలవులు గడపడానికి కట్టుకున్న గుడిసెకి పోయుంటాడు. అక్కడికి పోతే ఫోన్ ఆపేసి డ్రాయర్లో పడేస్తాడని వాళ్ళమ్మ కొట్లో చెబుతుంటుంది,” అన్నాను. “ఆ గుడిసె నాకు తెలుసు. నా పడవలో నలభై నిమిషాలు. బడి లాప్‌టాప్ ఇవ్వు, నేను వెళ్తాను.”

“నేనూ వస్తాను,” అంది రాగ్నా.

“నువ్వా? అది లాంచీ కాదు తల్లీ. పైన కప్పు లేదు, చుట్టూ గోడ లేదు. పదిహేను అడుగుల బోటు.”

“కప్పు గట్టిదని చెప్పిన చోట కూడా ఉండలేదు కదా నా సామాను. పద.”

ముప్పై నాలుగేళ్ళలో ఆవిడ చిన్న పడవ ఎక్కడం అదే మొదటిసారి. లైఫ్ జాకెట్ నేనే బిగించాను. దక్షిణపు గాలి, అలలు పెద్దవేమీ కావు, నాలాంటివాడు వాటిని అలలని కూడా అనడు. ఆవిడ రెండు చేతులతో బల్ల పట్టుకుని కళ్ళు మూసుకుంది. లాప్‌టాప్ చెత్త సంచీలో చుట్టి కాళ్ళ మధ్య పెట్టుకుంది. నేను క్షమించమని నాలుగుసార్లు అన్నాను. ఇంజను హోరులో వినబడిందో లేదో తెలియదు. నాలుగోసారి మాత్రం కళ్ళు తెరవకుండానే, “ముందు చూసి నడుపు” అంది.

స్టైనార్ గుడిసె గోడకి ఎర్ర రంగు వేస్తున్నాడు. నిక్కరు మీద ఉన్నాడు, గడ్డం దాకా రంగే.

“ఏంటి ఐలిఫ్, మీ వైపు చేపలు అయిపోయాయా?”

“నీ కోసమే వచ్చాను. బడి ఫైళ్ళు పోయాయి. వెనక్కి తెప్పించాలి.”

“సోమవారం తొమ్మిదికి తెప్పిస్తాను.”

“సోమవారానికి ఉండవు. ఇరవై నాలుగు రోజులైంది.”

అతను కుంచె దించాడు. “బుట్టలో లేవా?”

“బుట్ట కూడా ఖాళీ చేశాను.”

“ఎందుకయ్యా మహానుభావా? ఆ బుట్ట పెట్టిందే నీలాంటివాళ్ళ కోసం కదా!”

“శ్రమదానం పెట్టుకున్నాం. చెత్త వదిలేసి ఎలా వస్తాం?”

“క్లౌడ్‌కి శ్రమదానం!” అని నెత్తి కొట్టుకున్నాడు. నెత్తికి కూడా రంగు అంటింది. “చూడు ఐలిఫ్, ఐదు రోజులూ మీ తప్పులే సర్దుతాను. ఈ రెండు రోజులూ నావి. ఇవాళ ఒకరికి చేస్తే వచ్చే శుక్రవారం పదిమంది పడవలేసుకుని వస్తారు...”

అంటూనే నా వెనక్కి చూసి ఆగిపోయాడు. రాగ్నా రేవు బల్లల మీద చతికిలబడి ఉంది. మొహం పచ్చగా పాలిపోయింది, జుట్టంతా తడి. లాప్‌టాప్ సంచీని మాత్రం పొట్టకి అదుముకుని ఉంది.

“రాగ్నా? నువ్వు ఇందులో వచ్చావా?”

“వచ్చాను,” అంది, మాట కూడగట్టుకుని. “ముసలమ్మ కళ్ళజోడు పోయింది, స్టైనార్.”

పన్నెండేళ్ళ కిందట కప్పు లేచిపోయిన ఏడు పదో తరగతి వదిలి వెళ్ళిన నలుగురిలో స్టైనార్ ఒకడు. నేను అది మరచిపోయాను. ఆవిడ మరచిపోలేదు. అతను కుంచెని డబ్బాలో పడేసి, చేతులు గడ్డికి తుడుచుకుంటూ రేవు మీదికి వెళ్ళాడు.

“నాది పలకలేదు కదా,” అన్నాడు.

“ఆరబెట్టాను. నాలుగు రోజులు ఆరబెట్టాను నాయనా.”

“తెలుసు. నీ హెయిర్ డ్రయ్యర్ కాలిపోయిందని మా అమ్మ చెప్పింది.” అని ఆవిడని చెయ్యి పట్టి లేపాడు. “నడవగలవా? సిగ్నల్ ఆ పై బండ మీదే ఉంటుంది.”

ముగ్గురం బండ ఎక్కాం. స్టైనార్ గుడిసె డ్రాయర్లోంచి తెచ్చిన ఫోన్‌ని లాప్‌టాప్‌కి కలిపాడు. రెండు గీతల సిగ్నల్, ఒకటి వస్తూ పోతూ. దోమల్లాంటి చిన్న ఈగలు చెవుల్లోకి దూరుతున్నాయి. అతను పాస్‌వర్డు కొట్టాడు, ఫోన్‌కి వచ్చిన అంకెలు కొట్టాడు, తేదీలు అడిగాడు. నేను చెప్పాను. ఆ తేదీ నేను చచ్చేదాకా మరచిపోను. ఒక మీట నొక్కి, లాప్‌టాప్‌ని బండ మీద పెట్టి, చేతులు కట్టుకున్నాడు.

“ఏమైంది?” అన్నాను.

“అడిగాను. ఉంటే వస్తాయి.”

“లేకపోతే?”

“ఐలిఫ్, నువ్వు కాసేపు మాట్లాడకు.”

రాగ్నా తెర ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తెర మీద తెల్లగా ఖాళీ. ఎంతసేపు అలా ఉందో చెప్పలేను. ఒకటి వచ్చింది. రెండు వచ్చింది. నాలుగు వచ్చినప్పుడు ఆవిడ “సివెర్ట్” అంది. పదకొండు వచ్చినప్పుడు “మార్తినే” అంది. పద్దెనిమిది దాకా గబగబా వచ్చి ఆగిపోయింది. సిగ్నల్ గీత ఒకటి పోయింది. స్టైనార్ ఫోన్‌ని గాల్లోకి ఎత్తి, ఒంటికాలి మీద నిలబడి, బండ అంచుకి వంగాడు. కింద పడతాడేమోనని నేను అతని నిక్కరు పట్టుకున్నాను.

పంతొమ్మిది వచ్చింది.

నాలుగులో మొదటిది నొక్కాడు. “ము... స... లమ్మ క... కళ్...” అని ఆరేళ్ళ సివెర్ట్ ఆ బండ మీద మూలిగాడు. ఇప్పుడు వాడు నాకంటే జానెడు పొడుగు. రాగ్నా రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. బతుకు జీవుడా అనుకుని ఆ రాతి మీదే వెల్లకిలా పడుకున్నాను. గుండెల మీద నుంచి పడవ లంగరు ఎత్తేసినట్టు ఉంది.

స్టైనార్ ఆ ముగ్గురివీ రాగ్నా జేబులో ఉన్న మూడు పెన్‌డ్రైవ్‌ల్లోకి ఎక్కించాడు. వెళ్ళేటప్పుడు రాగ్నా అతని రంగు చేతిని పట్టుకుని, “సోమవారం తొమ్మిదికి నువ్వు బడికి రా. ఆ పేజీ చదువుదువుగాని. రికార్డు చేస్తాను,” అంది. ఇరవై ఎనిమిదేళ్ళ మగాడు చెవుల దాకా ఎర్రబడ్డాడు. అది రంగు కాదు. సోమవారం వచ్చాడు కూడా.

తిరుగు ప్రయాణంలో రాగ్నా రెండుసార్లు వాంతి చేసుకుంది. రెండోసారి అయ్యాక నోరు తుడుచుకుని, నా వైపు చూసి నవ్వడం మొదలుపెట్టింది. వాంతి చేసుకుంటూ నవ్విన మనిషిని నేను అప్పుడే చూశాను. నేనూ నవ్వాను. రేవు చేరేదాకా ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుతూనే ఉన్నాం.

బడి ఆఖరి రోజున హాల్లో ఊరంతా ఉంది. పదో తరగతి ముగ్గురినీ ముందుకి పిలిచి, ఒక్కొక్కరిదీ మొదటి రికార్డింగు, చివరి రికార్డింగు అందరికీ వినిపించడం ఆవిడ పద్ధతి. అదీ వాళ్ళని అడిగి, ఒప్పుకుంటేనే. సివెర్ట్‌ది వినగానే హాలంతా పగలబడి నవ్వింది. మార్తినే వాళ్ళ అమ్మ ఏడ్చింది. జుమానా వంతు వచ్చింది.

“నా మొదటి దాంట్లో ఏమీ ఉండదు,” అంది జుమానా మైకులో. “నాకు అప్పటికి ఒక్క ముక్క రాదు. అయినా పెట్టు, రాగ్నా. నాకూ వినాలని ఉంది.”

పెట్టింది. నిజంగానే ఏమీ లేదు. కుర్చీ కిర్రుమంది. ఎవరో ముక్కు ఎగబీల్చారు. “చదువుతావా?” అని రాగ్నా గొంతు, మెల్లగా. జవాబు లేదు. ఇంతలో ఆ నిశ్శబ్దంలో ఠక్, ఠక్, ఠక్ అని దూరంగా సుత్తి చప్పుడు. కుర్చీ ఉలిక్కిపడిన చప్పుడు.

“భయపడకు,” అంది రికార్డింగులో రాగ్నా. “అది ఐలిఫ్. బయట నీ కోటుకి చిలక్కొయ్య కొడుతున్నాడు. నీ కోసం. ఐలిఫ్.”

మళ్ళీ సుత్తి. మళ్ళీ నిశ్శబ్దం. తరువాత చాలా చిన్న గొంతు, అక్షరం అక్షరం పట్టుకుని:

“ఐ... లిఫ్.”

అక్కడితో అయిపోయింది. మైకు దగ్గరినుంచి జుమానా తల ఎత్తి, తలుపు దగ్గర నిలబడి ఉన్న నన్ను చూసింది. ఊరంతా తిరిగి చూసింది. నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు.

కార్యక్రమం అయ్యాక రాగ్నా నా పక్కకి వచ్చి నిలబడింది.

“మన భాషలో ఆ పిల్ల పలికిన మొదటి మాట అదే,” అంది.

“ఎనిమిదేళ్ళయింది. నాకు ఒక్కసారైనా చెప్పావా?”

“పిల్లల రికార్డింగుల సంగతి బయట చెప్పకూడదు, ఐలిఫ్. రూలు.”

నేను కుర్చీలు సర్దాలని చెప్పి బయటికి వచ్చేశాను. నడవా ఖాళీగా ఉంది. పంతొమ్మిదో చిలక్కొయ్యకి జుమానా కోటు తగిలించి ఉంది. దాన్ని కొంచెం పక్కకి జరిపి, ఆ కొయ్య కదులుతోందేమోనని పట్టుకుని చూశాను. కదల్లేదు. గట్టిగానే ఉంది.